జీడిచెట్ల కింద నాటిన అడవి మొక్కలు ఎత్తు పెరిగాయి కానీ నిలబడటం లేదు. ఎండ చాలకా, నీరు చాలకా?

జీడితోట_మందస | 24 జూన్ 2023, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది మందస మండలం. మేడ ఎక్కితే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎకరం అరవై సెంట్ల గరువులో, అంటే ఇసుక కలిసిన మెట్ట నేలలో, నాన్న వేసిన జీడితోట ఉంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తెల్లారేసరికి సగం చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. మళ్లీ జీడే వేద్దామన్నాడు నాన్న. ఈసారి కొన్ని అడవి చెట్లు వేద్దామన్నాను నేను. చివరికి చెరి సగం పంచుకున్నాం.

2021 వానల్లో నల్లమద్ది, వేగిస, నేరేడు, టేకు కలిపి నూట ఇరవై మొక్కలు నాటాను. మే నెల ఎండకి చచ్చిపోతాయని భయపడి సగం మొక్కల్ని మిగిలిన జీడిచెట్ల నీడలో పెట్టాను. మిగతా సగం చెట్లు పడిపోయిన ఖాళీల్లో పెట్టాను.

ఇప్పటికి రెండేళ్లయింది. నీడలో ఉన్న మద్ది, వేగిస నా భుజం దాటాయి. ఆకులు ఇంత వెడల్పు, మంచి ముదురు రంగు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తీరా పోయిన వారం గాలివానకి వాటిలో పదహారు ఒరిగిపోయాయి. కాండం నా చిటికెన వేలంత లావు కూడా లేదు. ఖాళీలో ఉన్నవి మోకాలెత్తు దాటలేదు, ఆకులు చిన్నవి, అంచులు మాడి ఉన్నాయి, కానీ పట్టుకుని ఊపితే కదలవు. నీడలో పెట్టిన టేకు ఒక్కటీ దక్కలేదు. నేరేడు మాత్రం రెండు చోట్లా హాయిగా ఉంది.

ఇందులో ఏవి బాగా పెరిగినట్టు? ఒరిగినవాటికి కర్రలు కట్టనా? జీడి కొమ్మలు కొట్టేయనా? కొమ్మ మీద కత్తి పెడితే నాన్న ఊరుకోడు, అదొక టెన్షన్.

నర్సరీ_గజపతినగరం | 24 జూన్ 2023, రాత్రి 10:05

అన్నా, ఎత్తు చూసి మోసపోయావు. మా దగ్గరికొచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది పొడుగు మొక్కే ఏరుకుంటారు. నేను మొక్క ఎంచేటప్పుడు మొదలు లావు చూస్తాను. మట్టి దగ్గర కాండం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి, ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని దాంతో భాగించు. ఆరు లోపు వస్తే గట్టి మొక్క. పది దాటితే గాలికి ఆగదు.

జీడితోట_మందస | 25 జూన్ 2023, ఉదయం 7:40

ఇప్పుడే కొలిచాను. నీడలో ఉన్న మద్ది 142 సెంటీమీటర్ల ఎత్తు, మొదలు 8 మిల్లీమీటర్లు. అంటే పద్దెనిమిదికి దగ్గర. ఎండలో ఉన్నది 51 సెంటీమీటర్లు, మొదలు 12. నాలుగుంపావు.

సిగ్గేసింది. రెండేళ్లుగా ఆ పొడుగువాటి ఫోటోలే అందరికీ పంపుతున్నాను.

వృక్షశాస్త్రం_మేష్టారు | 25 జూన్ 2023, మధ్యాహ్నం 2:30

విజయనగరంలో డిగ్రీ పిల్లలకి పాఠం చెప్తుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

మొక్కకి ఎండ రెండు పనులకి పనికొస్తుంది. ఒకటి ఆహారం, అది అందరికీ తెలిసిందే. రెండోది కబురు. వెలుగు ఎంత ఉందనేదే కాకుండా ఏ రంగుది ఉందో కూడా మొక్క చూస్తుంది. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం రంగుల్ని తాగేస్తుంది. ఎరుపుకి ఆవల, మన కంటికి కనిపించీ కనిపించని ఒక పట్టీ ఉంది, దాన్ని దూర ఎరుపు అంటారు. దాన్ని ఆకు పెద్దగా వాడుకోదు, కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఎరుపు, దూర ఎరుపు దాదాపు సరిసమానంగా ఉంటాయి, ఎరుపే ఒక పిసరు ఎక్కువ. దట్టమైన ఆకుల గొడుగు కింద ఆ నిష్పత్తి ఐదో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంది, దాని పనే ఈ నిష్పత్తి చూడటం. దూర ఎరుపు ఎక్కువైతే 'నెత్తి మీద ఎవరో ఉన్నారు, తప్పించుకుని పైకి పో' అని అర్థం. అప్పుడు మొక్క ఉన్న కాస్త ఆహారాన్నీ కాండం సాగదీయడానికి ఖర్చు పెడుతుంది. లావుకీ వేరుకీ మిగలదు.

మీ మద్ది భుజం దాటడం బలం వల్ల కాదు, కంగారు వల్ల.

నర్సరీ తమ్ముడికి ఒక మాట. సంచులు ఒకదానికొకటి ఆనించి పేర్చితే, ఇంకా నీడ పడకముందే, పక్క మొక్క ఆకు మీద నుంచి తిరిగొచ్చే దూర ఎరుపుని పట్టి మొక్కలు సాగడం మొదలెడతాయి. మీకు అనుభవమే అనుకుంటాను.

నర్సరీ_గజపతినగరం | 25 జూన్ 2023, సాయంత్రం 6:15

కారణం ఇప్పుడు తెలిసింది మేష్టారూ! మడి మధ్యలో ఉన్న మొక్కలు పొడుగ్గా, అంచు వరుసలో ఉన్నవి పొట్టిగా లావుగా ఉంటాయి. అంచువాటికి నీళ్లు సరిగా అందవు కాబట్టి అనుకునేవాణ్ని. అందుకే రెండు నెలలకోసారి సంచులు కదిపి, పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క పెట్టి ఎడంగా పేరుస్తాం. కదిపితే సంచి అడుగు నుంచి నేలలోకి దిగిన వేరు కూడా తెగుతుంది, అదో లాభం.

కానీ షేడ్‌నెట్ కింద అంతగా సాగవు. ఎందుకు?

వృక్షశాస్త్రం_మేష్టారు | 25 జూన్ 2023, రాత్రి 8:50

వల వెలుగుని తగ్గిస్తుంది గానీ ఆకులాగా ఎరుపుని ఏరి తినేయదు. రంగుల పాళ్లు చాలావరకు అలాగే ఉంటాయి. అందుకే యాభై శాతం వల కింద ఉన్న నీడా, యాభై శాతం చెట్టు నీడా మొక్కకి ఒకటి కాదు.

నీటి_లెక్క | 26 జూన్ 2023, ఉదయం 6:55

రాజాం నుంచి. అందరూ ఎండ ఎండ అంటున్నారు. నేను ఒప్పుకోను. గరువు నేలలో జీడిచెట్టు వేళ్లు ఎంత దూరం పాకుతాయో తెలుసా? కొమ్మల అంచు దాటి పోతాయి. ఆ కింద నాటిన మొక్కకి నీడ సమస్య కాదు, దాని నీళ్లు జీడి తాగేయడం సమస్య. టేకు చచ్చిపోవడానికి వెలుగు కారణమని ఎవరు చూశారు?

పాత_బీటు | 26 జూన్ 2023, ఉదయం 11:20

నేను పాతపట్నం వైపు అటవీ శాఖ బీటులో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ని. మేష్టారిలా కబుర్ల రంగులు నాకు తెలీవు. చూసింది చెప్తాను.

టేకుకి నెత్తి మీద నీడ అస్సలు పడదు. ఎన్ని నీళ్లు పోసినా సరే. పక్క నీడ ఫరవాలేదు, ఇంకా మంచిదే, కొమ్మలు అటూ ఇటూ పోకుండా మాను నిటారుగా లేస్తుంది. ఆకాశం మాత్రం తలపైన తెరిచి ఉండాలి. ఇప్ప కూడా అంతే. నల్లమద్ది కొంచెం ఓర్చుకుంటుంది గానీ దానికీ ఎండే కావాలి. వేగిస చిన్నప్పుడు కాస్త ఓపిక పడుతుంది, తరువాత పైకి దారి ఇవ్వకపోతే కుంగిపోతుంది. నేరేడు, మామిడి, పనస, కానుగ వీటికి చిన్నతనంలో నీడంటే భయం లేదు.

బాబూ, నీ టేకు పోవడంలో వింత లేదు. నేరేడు బతకడంలోనూ లేదు.

ఇక గుగ్గిలం, అంటే సాల్ చెట్టు సంగతి. తూర్పు తీరం వెంట ఆ చెట్టు ఇలా దక్షిణానికి దిగి వచ్చి మన జిల్లాల చుట్టుపక్కలతో ఆగిపోతుంది. గింజ వానలకి ముందు రాలుతుంది, వారం పది రోజుల్లో మొలవకపోతే ఇక మొలవదు. మొలిచిన మొక్క దట్టమైన నీడలో ఏం చేస్తుందంటే, ఎండాకాలంలో పైన మొత్తం ఎండిపోతుంది. చచ్చిందనుకుంటాం. వానలకి మళ్లీ మొదట్లోంచి చిగురేస్తుంది. మళ్లీ ఎండుతుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఈలోపు లోపల వేరు మాత్రం ఊరుతూనే ఉంటుంది. పైన ఒక పెద్ద చెట్టు పడి ఆకాశం తెరుచుకున్న ఏడాది, అదే మొక్క ఒక్కసారిగా లేస్తుంది. జానెడు మొక్కని తవ్వి చూస్తే వేరు బొటనవేలంత ఉండటం నేను చూశాను.

గెడ్డవార | 26 జూన్ 2023, మధ్యాహ్నం 1:10

మాది మెళియాపుట్టి మండలం, కొండకింద గూడెం. మేం సవరలం. బీటు బాబాయ్ చెప్పినట్టే మా పనసచెట్టు కింద ప్రతి వానాకాలం యాభై అరవై మొలకలు లేస్తాయి. రెండు మూడాకులు వేసి అలాగే కూర్చుంటాయి. పెరగవు, చావవు. తాత వాటిలో ఒకదాన్ని మట్టిగడ్డతో తవ్వి ఎప్పుడూ మబ్బు రోజే నాటేవాడు. ఎండ రోజు నాటితే ఆకు తెల్లబడిపోయేది.

ఇంకోటి. పోడు కొట్టేటప్పుడు ఇప్ప, చింత, మామిడి, పనస వదిలేసి మిగతావి కొట్టేవారు. వదిలేసిన చెట్ల కింద పసుపు వేస్తాం, దానికి ఆ చిల్లుల నీడ చాలు. రాగులు మాత్రం అక్కడ వేయం, కంకి పట్టదు.

వృక్షశాస్త్రం_మేష్టారు | 26 జూన్ 2023, రాత్రి 9:30

గెడ్డవార రాసింది బంగారం. 'పెరగవు, చావవు' అన్నది చూడండి. ఆకు పగలు సంపాదిస్తుంది, మొక్క రాత్రీ పగలూ ఖర్చు పెడుతూనే ఉంటుంది. ఒక స్థాయి వెలుగు దగ్గర సంపాదన, ఖర్చు సమానం. దానికి కింద ఉంటే నిల్వ కరిగి చచ్చిపోతుంది. నీడ ఓర్చుకునే జాతులు నీడలో ఎక్కువ సంపాదించవు, తక్కువ ఖర్చు పెడతాయి, అంతే. నెలకి ఐదు వేలతో ఇల్లు నడిపే గృహిణి లాంటివి. టేకు అలా కాదు, వస్తే ఒక్కసారి బోలెడు కావాలి, రాకపోతే దివాలా.

ఆకు తెల్లబడటం గురించి. నీడలో పుట్టిన ఆకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది, దొరికిన ప్రతి కిరణాన్నీ పట్టుకోవాలి కదా. ఎండలో పుట్టిన ఆకు చిన్నది, మందం ఎక్కువ. నీడాకుని ఉన్నట్టుండి మండుటెండలో పెడితే తట్టుకోలేనంత వెలుగు వచ్చి పడి ఆహారం చేసే యంత్రాంగమే దెబ్బతింటుంది. ఆ ఆకు మళ్లీ ఎండాకుగా మారలేదు. మొక్క కొత్త ఆకులు వేసుకోవాల్సిందే. తాతగారు మబ్బు రోజు కోసం చూడటం అందుకే.

అడవి నేల మీద ఇంకో చిత్రం ఉంది. దట్టమైన సతత హరితారణ్యంలో నేలకి చేరేది పై ఎండలో నూటికి ఒకటో రెండో పాళ్లు. కానీ ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు కదులుతుంటాయే, ఒక్కో ఆకు మీద కొన్ని సెకన్లో కొన్ని నిమిషాలో నిలిచేవి, కింది మొక్కలకి రోజంతటి వెలుగులో పెద్ద వాటా చాలాసార్లు వాటి నుంచే వస్తుంది. మన కొండల మీద ఆకురాల్చే అడవి కాబట్టి ఇంత చీకటి ఉండదు. ఫిబ్రవరి నుంచి చెట్లు బోడి అయిపోతాయి. అయితే వెలుగు దండిగా ఉన్న ఆ రోజుల్లోనే నేలలో తడి ఉండదు, తడి ఉన్న రోజుల్లో పైన ఆకులు మూసుకుంటాయి. మొక్కకి అదీ ఇబ్బంది. ఇక్కడ నీటి_లెక్క గారి మాటకి చోటుంది.

నీటి_లెక్క | 27 జూన్ 2023, ఉదయం 6:30

చోటు కాదండి, సగం గది నాదే. 1904లో ఫ్రికె అనే జర్మన్ అటవీ శాస్త్రవేత్త ఏం చేశాడో చదవండి. పైన్ చెట్ల కింద కుంగిపోయిన చిన్న మొక్కల చుట్టూ కందకం తవ్వి పెద్ద చెట్ల వేళ్లు నరికేశాడు. ఒక్క కొమ్మ కూడా కొట్టలేదు, వెలుగు అంతే. అయినా మొక్కలు పుంజుకున్నాయి. నీడ వల్లే చస్తున్నాయని అప్పటిదాకా అందరూ అనుకుంటున్న మాటని ఆయన గట్టిగా ప్రశ్నించాడు. మనవి ఇసుక కలిసిన ఎర్రనేలలు. ఇక్కడ అది ఇంకా నిజం.

పాత_బీటు | 27 జూన్ 2023, ఉదయం 8:10

కందకం తవ్వితే టేకు జీడి నీడలో లేస్తుందా? తవ్వి చూపించండి, నేను మీసం తీయించుకుంటాను.

నీటి_లెక్క | 27 జూన్ 2023, ఉదయం 8:25

టేకు సంగతి మీకే వదిలేస్తున్నాను. మద్ది మీద పందెం.

నిర్వాహకుడు | 27 జూన్ 2023, ఉదయం 9:00

మీసాలు, పందేలు వేరే పేజీలో. మొక్కల గురించి రాయండి.

గంధపు_తోట | 27 జూన్ 2023, మధ్యాహ్నం 3:45

ఎస్.కోట దగ్గర నాకు అరెకరంలో శ్రీగంధం ఉంది. మొదటి ఏడాది నేను రెండు తప్పులూ చేశాను కాబట్టి రాస్తున్నాను.

గంధం మొక్క సగం పరాన్నజీవి. పక్క మొక్క వేళ్లకి తన వేళ్లు తగిలించి నీళ్లూ పోషకాలూ లాక్కుంటుంది. అందుకే పక్కన కంది వేయమంటారు. తొలి విడత కంది వేయకుండా పూర్తి ఎండలో పెట్టాను, సగం మాడిపోయాయి. రెండో విడత నాలుగు వైపులా కంది దట్టంగా వేశాను. కంది నా ఎత్తు పెరిగి గంధం లోపల దారం పోగులా తయారైంది. మూడో విడతలో మా ఆయన మాట విని పడమర పక్కన మాత్రం కంది ఉంచి, తూర్పు వైపు తెరిచి, కంది కొసలు ఎప్పటికప్పుడు తుంచుతూ వచ్చాను. అవే నిలిచాయి. పొద్దుటి ఎండ తగలాలి, మూడు గంటల ఎండ తగలకూడదు. చిన్నప్పుడు అంతే, పెద్దయ్యాక దానికీ ఎండే కావాలట.

జీడి కొమ్మ కొట్టేటప్పుడు తూర్పు వైపువి కొట్టు తమ్ముడూ. పడమటివి ఉంచు.

వృక్షశాస్త్రం_మేష్టారు | 27 జూన్ 2023, రాత్రి 9:15

అమ్మా, మీ ఆయన మాట సరైనదే. పొద్దున గాలిలో తేమ ఉంటుంది, ఆకు రంధ్రాలు తెరిచి ఉంటాయి, వచ్చిన వెలుగంతా పనికొస్తుంది. మధ్యాహ్నం గాలి ఎండి, రంధ్రాలు మూసుకుని, వెలుగు వచ్చినా వృథా. పైగా చాలా చెట్లలో విడి ఆకు ఒక్కటి తీసుకుంటే, పూర్తి ఎండలో సగం కంటే తక్కువకే దాని కడుపు నిండిపోతుంది. కొంత నీడ పడినంత మాత్రాన పెరుగుదల అదే లెక్కన తగ్గదు.

దిక్కుల లెక్క ఇంకొంచెం. మందస సుమారు 18.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే సూర్యుడు మే మధ్యలో ఒకసారి, జూలై ఆఖరులో ఒకసారి సరిగ్గా మీ నెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య రెండున్నర నెలలు మిట్టమధ్యాహ్నం ఎండ ఉత్తరం వైపు నుంచే పడుతుంది. పదిమీటర్ల చెట్టు నీడ జూన్‌లో మధ్యాహ్నం పన్నెండుకి ఒక మీటరు కూడా ఉండదు. అదే చెట్టు డిసెంబర్‌లో ఉత్తరానికి తొమ్మిది మీటర్ల నీడ పరుస్తుంది. కాబట్టి జీడిచెట్టుకి ఉత్తరాన నాటిన మొక్క, వానల్లో ఎండలో ఉన్నట్టే కనిపించి చలికాలమంతా నీడలో గడుపుతుంది. మీ ఖాళీల్లో కుంగినవి ఏ వైపు ఉన్నాయో ఒకసారి చూడండి.

జీడితోట_మందస | 28 జూన్ 2023, రాత్రి 10:30

చూశాను మేష్టారూ. ఖాళీల్లో ఉన్నవాటిలో మరీ నీరసంగా ఉన్న ఏడింటిలో ఐదు, జీడిచెట్టుకి ఉత్తరానే ఉన్నాయి! మిగతా రెండింటికి కారణం మేక.

ఫోన్‌లో వెలుగు కొలిచే యాప్ వేసుకున్నాను. ఖాళీలో లక్ష లక్స్ చూపించింది, జీడి కింద ఐదారు వేలు. దీన్ని నమ్మొచ్చా?

వృక్షశాస్త్రం_మేష్టారు | 29 జూన్ 2023, ఉదయం 7:20

పోల్చుకోవడానికి పనికొస్తుంది. కానీ లక్స్ అనేది మనిషి కంటి లెక్క. మన కంటికి ఆకుపచ్చ బాగా కనిపిస్తుంది, ఆకుల గొడుగు కింద మిగిలేదీ ఎక్కువగా ఆకుపచ్చే. అందువల్ల నీడలో యాప్ ఉన్నదానికంటే ఎక్కువ చెప్తుంది, మొక్కకి అందేది అంతకంటే తక్కువ. యాప్ కంటే మంచి పద్ధతి, మొక్క పక్కన వెల్లకిలా పడుకుని పైకి చూడటం. ఆకాశం ఎంత కనిపిస్తుందో, ఎటు వైపు కనిపిస్తుందో చూసుకోండి.

పాత_బీటు | 29 జూన్ 2023, ఉదయం 10:40

పడుకునే ముందు తేళ్లు చూసుకో.

ఒరిగినవాటికి కర్రల సంగతి ఎవరూ చెప్పలేదు. గట్టిగా కట్టేశావంటే మొక్క ఊగదు, ఊగకపోతే కాండం ముదరదు. తప్పదంటే కిందగా, వదులుగా కట్టి వానలు పోయాక తీసెయ్. నన్నడిగితే మద్ది, వేగిస మొదటికి రెండు అంగుళాలు ఉంచి కోసేయ్. వేరులో సత్తువ ఉంటే వానలకి కొత్త పిలక నిటారుగా వస్తుంది, నాలుగైదు వస్తే మంచిది ఒకటి ఉంచు. కానీ ముందు వెలుగు ఇచ్చి, ఆ తరువాత కోయ్. నీడ అలాగే ఉంచి కోస్తే మళ్లీ అదే దారం పోగు.

మరీ ఎక్కువ తెరవకు. ఆకాశం పూర్తిగా తెరిస్తే నీ మొక్క కంటే ముందు లాంటానా కంప లేస్తుంది, దాని నీడ జీడి నీడ కంటే దరిద్రం. హుద్‌హుద్ తుపాను తరువాత చెట్లు పడిన కొండవాలుల్లో అదే జరిగింది. ఖాళీ దొరికిన చోటల్లా ముందు కంప, దాని మీద అడ్డతీగ. మొక్క చుట్టూ మీటరు మేర శుభ్రంగా ఉంచు.

నర్సరీ_గజపతినగరం | 29 జూన్ 2023, మధ్యాహ్నం 12:05

ఒకటి చెప్పడం మర్చిపోయాను. మొక్క కొన్నాక నేరుగా పొలంలోకి తీసుకుపోవద్దు. నాటడానికి నెల ముందు నుంచి వల కొంచెం కొంచెంగా తీసి, నీళ్లు కూడా తగ్గించి ఎండకి అలవాటు చేయాలి. అమ్మేవాళ్లందరూ ఇది చేయరు. పచ్చగా నిగనిగలాడితేనే అమ్ముడుపోతాయి మరి.

జీడితోట_మందస | 2 జూలై 2023, రాత్రి 8:00

ఇంట్లో పంచాయితీ తేలింది. నాన్న నాలుగు జీడిచెట్లకి ఒప్పుకున్నాడు, అదీ ఎండుకొమ్మలు, నేలకి ఆనుతున్న కొమ్మలు, తూర్పు పక్కవి మాత్రమే. నీటి_లెక్క గారి మాట కూడా తీసేయలేదు. నీడలో మిగిలిన మద్ది, వేగిస నలభై మొక్కల్ని నాలుగు గుంపులు చేశాను. ఎర్రగుడ్డ కట్టినవాటికి కొమ్మలు కొట్టాను. పసుపుగుడ్డవాటికి జీడి వైపు మోకాలి లోతు కందకం తవ్వాను, ఒక్క వైపే, జీడికి దెబ్బ తగలకుండా. తెల్లగుడ్డకి రెండూ. గుడ్డ లేనివాటిని ముట్టుకోలేదు. కందకంలో జీడి వేళ్లు తాడు చుట్టల్లా వచ్చాయి, అది చూసి నాకే అనుమానమొచ్చింది, నీటి_లెక్క గారు గెలుస్తారేమోనని.

జీడితోట_మందస | 22 జూలై 2023, రాత్రి 9:40

కంగారుగా ఉంది. ఎర్రగుడ్డ, తెల్లగుడ్డ మొక్కల ఆకులు పాలిపోయాయి, సగం రాలాయి. నాన్న ప్రతి పూటా 'నీ ప్రయోగం ఎంతవరకు వచ్చింది' అని అడుగుతున్నాడు.

వృక్షశాస్త్రం_మేష్టారు | 22 జూలై 2023, రాత్రి 10:10

చిగురు చూడండి, ఆకు కాదు. మొగ్గ పచ్చిగా ఉందా?

జీడితోట_మందస | 23 జూలై 2023, ఉదయం 6:45

ఉంది.

వృక్షశాస్త్రం_మేష్టారు | 23 జూలై 2023, ఉదయం 7:00

అయితే ఊరుకోండి.

జీడితోట_మందస | 19 నవంబర్ 2023, సాయంత్రం 5:20

వానలు అయిపోయాయి, కొలతలు తీశాను. కొమ్మలు కొట్టినవి పాత ఆకులు రాల్చేసి చిన్నవీ మందమైనవీ కొత్త ఆకులు వేశాయి. ఎత్తు పెద్దగా పెరగలేదు, మొదలు మాత్రం 8 నుంచి 12, 13 మిల్లీమీటర్లకి వచ్చింది. ఒరిగినవాటిలో ఆరింటిని బీటు బాబాయ్ చెప్పినట్టు ఆగస్టులో కోశాను. ఐదు పిలకలేశాయి.

కందకం మాత్రమే తవ్వినవి? ఏమీ లేదు. ముట్టుకోనివాటికీ వాటికీ తేడా కనిపించలేదు. నీటి_లెక్క గారూ, క్షమించాలి.

నీటి_లెక్క | 19 నవంబర్ 2023, సాయంత్రం 6:00

వానాకాలంలో నీళ్ల తేడా ఎలా కనిపిస్తుందండి! మే నెల రానివ్వండి.

జీడితోట_మందస | 9 జూన్ 2024, రాత్రి 8:30

మే వచ్చింది, పోయింది.

ముట్టుకోనివాటిలో పదికి నాలుగు ఎండిపోయాయి. కందకం ఒక్కటే తవ్వినవాటిలో ఒక్కటి పోయింది. మిగతావి సన్నగానే ఉన్నాయి కానీ ఆకు వాడలేదు. కొమ్మలు మాత్రమే కొట్టినవాటిలో రెండు పోయాయి. రెండూ చేసిన తెల్లగుడ్డవి పదికి పదీ ఉన్నాయి, అందులో ఒక మద్ది మొదలు నా బొటనవేలంత అయింది. చచ్చిపోయినవాటిని తవ్వి చూశాను. నీడలో చచ్చినవాటి వేరు జానెడు కూడా లేదు, పైన నాలుగడుగుల కర్ర! నీటి_లెక్క గారూ, మీకు సగం గది రాసిచ్చేస్తున్నాను.

నేరేడుకి ఏం చేసినా చేయకపోయినా ఒకటే. దాని లోకం దానిది.

వృక్షశాస్త్రం_మేష్టారు | 9 జూన్ 2024, రాత్రి 9:45

గుంపుకి పది మొక్కలే, అదీ ఒక్క తోటలో. దీంతో ఊరంతటికీ తీర్పు చెప్పేయకండి. కానీ వేరు గురించి మీరు చూసింది పాఠంలో ఉన్నదే. నీడలో మొక్క ఆకుకీ కాండానికీ ఎక్కువ పెట్టి వేరుకి తగ్గిస్తుంది. వానల్లో అది బయటపడదు. ఏప్రిల్‌లో పైతడి దిగిపోయినప్పుడు వేరు దాన్ని అందుకోలేదు. చంపింది మే నెల ఎండే కావచ్చు, చావుకి సిద్ధం చేసింది మాత్రం జూలై నీడ.

పాత_బీటు | 10 జూన్ 2024, ఉదయం 9:15

మీసం క్షేమం. బాబూ, ఈ వానలకి తెల్లగుడ్డవాటి చుట్టూ గడ్డి తీసి ఇంకో కొమ్మ తెరువు. ఒక్కసారే కాదు, ఏడాదికి కాస్త చొప్పున తెరుచుకుంటూ పోవాలి. జీడి మళ్లీ మూసేస్తుంది లేకపోతే.

గంధపు_తోట | 10 జూన్ 2024, మధ్యాహ్నం 2:00

మీ నాన్నగారు ఏమన్నారు తమ్ముడూ?

జీడితోట_మందస | 10 జూన్ 2024, రాత్రి 9:05

పొద్దున కొలతల పుస్తకం తీసి చూశాడు. ఏమీ అనలేదు. సాయంత్రం వెళ్లేసరికి తను ఖాళీల్లో పెట్టిన జీడి మొక్కల మీదికి వాలిన వేపకొమ్మ రెండు కొట్టేసి ఉన్నాయి. తూర్పు పక్కవే.

గెడ్డవార | 11 జూన్ 2024, ఉదయం 6:20

అన్నా, కొండ మీద గుగ్గిలం గింజ రాలుతోంది, రెక్కలతో గిరగిరా తిరుగుతూ పడుతున్నాయి. కావాలంటే ఈ ఆదివారం లోపు రా, తరువాత పనికిరావు. తడి గోనె తెచ్చుకో. తెల్లగుడ్డ జాగా కొంచెం మిగిల్చావా?